ఊడే ముడి

పెరంబూరులో ఒక అద్దె మేడ మీద
పదడుగులకు ఎనిమిదడుగుల గది నాది.
ఆరు ఇనుప గొట్టాలు, వాటి నడుమ విల్లులా వంచిన పైపులు,
పైన పాలరంగు షీటు, పక్కల ఆకుపచ్చ వల.
గ్రీన్‌హౌస్ అంటాను నేను.
ఇంటావిడ సెంగమలమ్మ మాత్రం "నీ దోమతెర" అంటుంది.

పురట్టాసి దాటిపోతోంది.
మిద్దె ఇంకా అరికాళ్ళు కాలుస్తూనే ఉంది గానీ
సాయంత్రం ఈశాన్యం నుంచి వచ్చే గాలికి
ఆరని బట్టల వాసన మొదలైంది.
పుస్తకాల్లో శరత్తంటే వెన్నెల.
మాకు శరత్తంటే వాయుగుండం,
సముద్రం మీద అది ఎక్కడుందో, ఎటు చూస్తోందో
పూటపూటా చెప్పే రేడియో.

అయినా నారు ఇప్పుడే పోయాలి.
కాలీఫ్లవరు, నూల్‌కోలు, క్యాబేజీ.
ఈ నెల భయపడితే
జనవరిలో కోయడానికి ఏమీ ఉండదు.

పోయినేడు షీటును బైండింగ్ వైరుతో బిగించాను.
వేలితో కొడితే మద్దెలలా మోగింది,
మురిసిపోయాను.
అర్ధరాత్రి గాలి కింది నుంచి దూరింది.
బయటికి దారి లేక
గదిని గదిలాగే ఎత్తుకుంది.
తెల్లారి చూస్తే
నా షీటు వీధి మలుపులో ట్రాన్స్‌ఫార్మరు మీద.
రెండు రోజులు కరెంటు లేదు.
మూడో ఇంట్లో ఇడ్లీ పిండి అమ్మే జయక్కొడికి
నలభై కిలోల పిండి పులిసిపోయింది.
తిట్టలేదావిడ.
రెండు బకెట్లు మోసుకొచ్చి మెట్ల మీద పెట్టి
"చెట్లకు పోసుకో" అంది, అంతే.
చెట్లు తాగేశాయి.
నాకే ఇంకా అరగలేదు.

ఈ ఏడు వెల్డరు పిచ్చైముత్తుని పిలిచాను.
రైలు పెట్టెలు అతికిన చేతులు.
బీడీ వెలిగించి, పొగ ఎటు పోతోందో చూసి,
పడమటి పక్క వల సగానికి కోసేశాడు.
"గాలితో కుస్తీ వద్దమ్మా.
వచ్చిన చుట్టానికి పోయే తలుపు కూడా చూపించాలి."
గొట్టాల కాళ్ళను పాత పెయింటు డబ్బాల్లో నిలబెట్టి
కాంక్రీటు పోశాడు.
వైరు మొత్తం కత్తిరించి పారేసి
నూలు తాడు చేతికిచ్చాడు:
ఒక్క లాగుకు ఊడే ముడి, ఇలా, మళ్ళీ ఇలా.
ముళ్ళు వేయడం నాకు చాలామంది నేర్పారు,
మూడు వేయించుకుని చూశాను కూడా.
ఊడేలా వేయడం నేర్పింది ఇతనొక్కడే.

మిగిలిన పని నాది.
షీటు మీది పాచిని కుంకుడు నురుగుతో తోమాను.
నీళ్ళు దిగే గొట్టంలో చెయ్యి పెడితే
వేపాకుల ముద్ద, ఒక పావురం ఈక,
పక్కింటి పిల్లాడు ఏడ్చి మరిచిపోయిన బంతి.
ట్రేలన్నీ ఇటుకల మీదికెక్కించాను.
వేసవంతా నీడకోసం బతిమాలి కట్టిన వలను
చుట్టి మూల పెట్టాను,
ఇకమీద వెలుగే కరువు.

ఐప్పసి పదకొండు. రేడియో గొంతు మారింది.
రాత్రి తొమ్మిదింటికి తాడు లాగాను.
ముడి మాట తప్పలేదు.
షీటు నా నెత్తిమీద కూలింది,
దాని మడతల్లో నేను, నా మడతల్లో వాన.
ఎవరో అవతలి అంచు పట్టుకున్నారు.
జయక్కొడి.
ఒక చివర తను, ఒక చివర నేను,
చీర మడిచినట్టు మడిచాం,
నడుమ గాలి మాటిమాటికీ బొజ్జ ఉబ్బిస్తుంటే
మోకాళ్ళతో అణుస్తూ.
నవ్విందో, చలికి వణికిందో, చీకట్లో తెలియలేదు.

రెండు వందల మొలకలు ఆవిడ పిండి గదికి దిగాయి,
ఉప్పు బస్తా పక్కన, గ్రైండరుకు ఎదురుగా.
రెండాకుల వయసువి,
ఆ పెద్ద రాయిని చూస్తూ.

రాత్రంతా మేడ మీద గాలి
ఉత్త గొట్టాలను తడుముకుంటూ తిరిగింది.
పట్టుకుందామంటే కొంగు దొరకలేదు.

కరెంటు ఒక గంట పోయి వచ్చింది.
నాలుగింటికి మెలకువొచ్చి
వానలో చెవి పెట్టి వెతికాను.
కింద ఎక్కడో
గ్రైండరు తిరుగుతోంది.